డబ్బా నంబరు అరవై రెండు

ముమ్మిడివరం అవతల, మురుగుకాలవ గట్టు మీద
పొద్దున్నే ఐస్‌పెట్టె దించుకుని కూర్చుంటాను.
ఏం ఉద్యోగమని మా మావగారు నలుగురిలో అడిగితే
రక్తపరీక్షలండి అని సగమే చెబుతాను.
మిగతా సగం ఈ మూత బిగించిన డబ్బాల్లో ఉంది.

అరవై ఒకటి సువార్త. అరవై రెండు కృపావతి.
ఒక తల్లి పిల్లలు, ఒకింటి అన్నదమ్ములకిచ్చారు.
ఒకే ఆకుమడిలో నారు పీకి, ఒకే బోదెలో కాళ్లు కడిగి,
ఒకే గిన్నెలో చద్దన్నం,
పచ్చిమిరపకాయ కొరుక్కుని సగం సగం.

మైక్రోస్కోపు కింద
అక్క పలక ఖాళీ, వరద తుడిచేసిన లంకలా.
చెల్లెలి పలక నిండా గుడ్లే,
లెక్కపెట్టి లెక్కపెట్టి ఎక్కడున్నానో మర్చిపోయాను.
మూడేళ్లుగా ఇంతే. మాత్ర మింగుతుంది, పడిపోతాయి,
మళ్లీ ఊడ్పుల నాటికి కాపురానికొచ్చేస్తాయి.

చేతులు కడుక్కోండి, అంటుంది సెంటర్ గోడ మీద బొమ్మ.
ఇద్దరికీ అత్తగారు ఒక్కరే.
కృపావతి గ్లాసు మాత్రం విడిగా బోర్లిస్తుంది.

హైదరాబాదు నుంచి కాయితం వచ్చింది.
నెత్తుటి రాతలో ఒకచోట ఒక్క అక్షరం తేడా.
అక్కకున్న అక్షరం పురుగుని గుమ్మంలోనే పసిగడుతుంది,
చెల్లెలికి అది రాలేదు.
కావచ్చు, అని కూడా రాశారు కింద, చిన్నగా.

ఎలా చెప్పాలో తెలీక కుక్కల మీదకి పోయాను.
"మీ అక్క ఒంట్లో కుక్కకి నిద్రలేదమ్మా.
దొంగొచ్చినా మొరుగుద్ది, చుట్టమొచ్చినా మొరుగుద్ది.
నూర్పుల దుమ్ముకి ఆవిడకి ఆ పిల్లికూతలు అందుకేనేమో.
నీ కుక్క మెతక. అందర్నీ రానిస్తుంది."

సువార్త నవ్వబోయి దగ్గింది.
కృపావతి నవ్వలేదు. పాదాల వంక చాలాసేపు చూసుకుంది,
గోళ్ల సందుల్లో ఇంకా ఆరని ఒండ్రు.
"అంటే నేను మురికిదాన్ని కాదన్నమాట."
"కాదమ్మా."
"ఆ ముక్క కాయితమ్మీద రాసిత్తారా?
మా అత్తకి చదివి ఇనిపిత్తాను."

అలాంటి ముక్కకి ఫారంలో గడి లేదు.
మాత్రల అట్టపెట్టె చింపి వెనకవైపు రాశాను,
సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర కూడా వేశాను,
వేయకూడదని తెలిసే.

మడిచి జాకెట్లో దోపుకుంది.
గట్టు దిగేచోట ఆగి
చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.
చెప్పులేసుకుని ఊడ్చినవాళ్లెవరు
ఈ మళ్లల్లో?