మూడో కిటికీ

అద్దం కింద ఉన్న ఈ సందులోంచే మాట్లాడాలి.
కాస్త వంగండి. అందరూ వంగుతారు.
ఈ సందు కోసిన వడ్రంగి
ఏ చిన్నపిల్లాడి ఎత్తు కొలిచాడో మరి.

కేసు నంబరుందా? లేకపోతే పేరు.
ఆ పేరును ఎన్ని రకాలుగా తప్పు రాసుంటారో
అన్ని రకాలుగానూ చెప్పండి.
ఏడాది ఉజ్జాయింపుగా చాలు.
ఎందుకని నేనడగను, అడగొద్దంది చట్టం.
అయినా మీరు చెబుతారు.

పేజీకి పావు డాలరు. ముద్ర కావాలంటే ఐదు.
కోర్టు కాగితాలకు ఈ కిటికీ,
పోలీసు కాగితాలకు వీధి దాటితే షెరిఫ్ ఆఫీసు.
అక్కడ నోటిమాట నీటిమూటే,
రాసివ్వండి, తారీఖు వేయండి,
నకలొకటి మీ సంచిలో ఉంచుకోండి.
లేదంటారు.
ఆ లేదన్న మాటనే రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి.

ఈ ఆఖరి సలహా నాది కాదు,
వెర్లీన్ పికూ నేర్పింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు బడి వంటగదిలో గరిటె తిప్పిన మనిషి.
బేయూ అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది,
చెమటకు మెత్తబడ్డ కవర్లో చిల్లర పట్టుకుని.
తమ్ముడి పేరు ఆల్సిడ్.
అరవై నాలుగు, ఆగస్టు, శనివారం రాత్రి.
మా నేలమాళిగలోకి వరద రెండుసార్లొచ్చింది,
ఫైలు లేదన్నాను.
లేదని రాసివ్వమంది. రాసిచ్చాను.
ముద్ర వేయమంది.
లేని కాగితానికి ముద్రేమిటని నవ్వబోయి
ఆమె మొహం చూసి ఊరుకున్నాను.

షెరిఫ్ ఆఫీసు ఆరు నెలలు తిప్పి
ఒక్క వరుస ఇచ్చింది:
రాత్రి పదకొండూ నలభైకి విడుదల, ఆరోగ్యంగా.
ఆల్సిడ్ ఆ రాత్రి ఇంటికి రాలేదు.
ఆ తర్వాత ఏ రాత్రీ రాలేదు.

మళ్ళీ వచ్చింది వెర్లీన్. ఈసారి కేసు మాట ఎత్తలేదు.
"జైల్లో వంట ఎవరు చేసేవారు?
పళ్ళేనికింతని పారిష్ ఖజానా కట్టేది కదా?
ఆ లెక్కలూ జనం కాగితాలే కదా?"
నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
"కుండంతా కెలకొద్దమ్మా," అంది, "ఒక్క మెతుకు పట్టి చూడు."

కోశాధికారి గది వెనక,
క్రిస్మస్ దీపాల పెట్టెల కింద దొరికింది
అట్ట ఊడిన వంట పుస్తకం.
వంటమనిషి ఎవరో గుండ్రటి చేతిరాత.
ముప్ఫై సెంట్ల పళ్ళెం,
దొంగలెక్కనకుండా ప్రతి పళ్ళేనికీ ఒక పేరు.
ఆదివారం పొద్దున ఎనిమిది.
ఎనిమిదోది: పికూ ఎ.
మధ్యాహ్నం: పికూ ఎ.
రాత్రి ఏడే పళ్ళేలు.

వేలు ఆ వరుస మీదే పెట్టి చాలాసేపు నిలబడింది.
పొద్దున ఏం పెట్టారో చదవమంది, కళ్ళద్దాలు తేలేదట.
మొక్కజొన్న జావ, చెరకు సిరప్ అని చదివాను.
"సిరప్ వాడికి పడదు," అంది.
"పక్కకు నెట్టేసుంటాడు."

ముద్రిత నకళ్ళు మూడు తీసుకుంది.
చిల్లర బల్ల మీద దొంతరలుగా పేర్చింది, రెండుసార్లు లెక్కపెట్టింది.
ఇరవై రెండేళ్ళుగా భూములకు, విడాకులకు, కుక్కల లైసెన్సులకు
వేస్తూ వచ్చిన ముద్రే అది.
ఆ రోజు మొదటిది వంకరగా పడింది.
మళ్ళీ వేస్తానంటే అక్కర్లేదంది.

ఆ నకళ్ళు ఎవరికిచ్చిందో, ఏమైందో
నేనడగలేదు. అడగొద్దంది చట్టం,
ఆమె మాత్రం అందరిలా చెప్పలేదు.

అందుకే మీకూ చెబుతున్నాను.
పోలీసు పుస్తకం ఇచ్చాక వెళ్ళిపోకండి,
దాని పక్కన ఏ పుస్తకముందో అడగండి.
పెట్రోలు రసీదు, మంచుగడ్డల బిల్లు, చాకలి పద్దు.
అబద్ధం రాసేవాడు
చాకలి పద్దు దాకా వెళ్ళడు.

పన్నెండింటికి కిటికీ మూస్తాను, భోజనానికి.
ఇంకా పది నిమిషాలుంది.
పేరు చెప్పండి.
నిదానంగా, ఒక్కో అక్షరం.