చెట్టు ఉంచుకున్నది

సిద్ధవటం దాటి లంకమల ఎక్కే దోవలో
పదకొండు గరాట్లకు కాపలా నేను.
పది చెట్ల కింద, ఒకటి బయట బండ మీద.
వాన పడిన మరుసటి పొద్దున
గాజుగొట్టంలోకి వంచి
కన్ను నీటి మట్టానికి దించి
నోటుబుక్కులో అంకె వేస్తే ఆనాటి కూలి.

నిన్న పుబ్బ కార్తె వాన.
బండ మీద పన్నెండు మిల్లీమీటర్లు.
ఎర్రచందనాల కింద తొమ్మిది,
ఏపిచెట్టు కింద ఎనిమిదే.
మొసలి వీపు లాంటి బెరడు వెంట దిగి
పాలడబ్బాలో చేరింది చారెడు,
టీ డికాక్షన్ రంగులో.

"మిగతాది యాడికి పాయె దస్తగిరమ్మా?
ఒలకబోసినావా?"
లేదు సారూ.
మేస్త్రీ చేతిలోంచి దిగే కూలి నాకు తెలీదా,
పైనుంచి వచ్చినంతా కిందికి రాదు.
ఆకు నాలుక తడుపుకుంది,
కొమ్మ సందున కొంత దాచుకుంది,
ఎండ పొడిచేసరికి గాలి చేతిలో పెట్టేసింది.

మేకల చిన్నోబన్న చెవిన పడిందీ మాట.
"అయితే కొట్టేస్తే సరి!
ఆ నాలుగూ మన కుంటకే గదా."

నేను నోరెత్తలేదు.
గొడ్డలి పడిన మిట్ట అతనికీ తెలుసు.
మొన్న పెద్దవాన అక్కడి మట్టిని
చెంపకేసి కొట్టింది.
గంటలో వంక ఎర్రగా పొంగింది,
ఇంకో గంటలో వట్టిపోయింది.
కుంటకు నీళ్ళొచ్చిన మాట నిజమే,
మోకాటి లోతు ఒండ్రూ వచ్చింది,
అతని సూడిమేక దిగబడింది అందులోనే.

చెట్ల కింద వాన ఆలస్యంగా నిలుస్తుంది.
మబ్బు తేలిపోయి, బండ ఆరిపోయి
నేను చెంగు పిండుకున్నాక కూడా
టప్పు... టప్పు...
గింజలు అప్పిచ్చే ముసలమ్మ లాగా
పిడికిలి సడలించి, మళ్ళీ బిగించి.
రాలిన ఆకులు చప్పుడు లేకుండా అందుకుంటాయి.
వేలు గుచ్చితే రెండు కణుపుల పదును.

సారు కాగితంలో ఆ గడి పేరు 'నష్టం'.
నాకు రాయబుద్ధి కాదు.
'చెట్టు ఉంచుకున్నది' అని రాస్తా.
ఎర్ర ఇంకుతో కొట్టేస్తాడు.
మళ్ళీ వానకు మళ్ళీ అదే రాస్తా.

రెండు మిల్లీమీటర్లే రాలిన రోజు మాత్రం
పది గరాట్లూ పొడి.
దాచను, ఆ రోజు కోపమొస్తుంది.
అంతా తానే తాగి
ఏమెరగనట్టు తళతళలాడుతుంటుంది ఏపిచెట్టు.
ఇంట్లో బిందె బోర్లా.

ఆ బిందెతోనే వంకలోకి దిగి చెలమ తోడతా.
మోచేతి లోతున ఇసకలో తడి తగులుతుంది.
ఎప్పటి వానో,
ఏ చెట్టు వదిలిందో,
నోటుబుక్కులో దానికి గడి లేదు.