జేబు మీది మాట

కగ్గదాసపురలో, కానుగ చెట్టు కింద మా ఇస్త్రీ బండి.
బొగ్గుల పెట్టె నా చేతిలో,
చీటీల కట్ట మా లోకేశ్వరి చేతిలో.
లా కాలేజీ పరీక్షకి ఎనిమిది వందల మాటలు నేర్వాలంట.
పాత క్యాలెండరు చించి, అగ్గిపెట్టంత ముక్కలు చేసి
ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు తెలుగు
జెల్ పెన్నుతో రాసుకునింది.

"గ్యారులస్" అంటుంది.
నీళ్ళు చిలకరిస్తా, ఏందమ్మే అది, అంటాను.
"వాగుడుకాయ."
ఓ, సీ బ్లాకు ఆడిటరు.
"లకోనిక్. ఒక్క ముక్కలో తేల్చేసే రకం."
మీ అమ్మ. పెండ్లిచూపుల్లో కూడా "సరే" అని లేచిపోయింది.
"ఫాస్టిడియస్. ఏదీ ఒకపట్టాన నచ్చనోళ్ళు."
మూడో అంతస్తు కాటన్ చీరలామె,
అంచు మడత నిలవలేదని మొన్న రెండుసార్లు తిప్పి పంపింది.
ఈ మనుషులంతా పదేండ్లుగా నాకు తెలిసినోళ్ళే,
వాళ్ళకి ఇంగ్లీషులో పేర్లున్నాయని తెలీదు, అంతే.

పలకడమే నాకు రాదు.
సగం మాటలోనే నాలిక మడత పడుతుంది,
దాన్ని చదును చేసే పెట్టె ఎవురూ అమ్మరు.

ఒకనాడు గాలికి చీటీ ఒకటి ఎగిరి
తడి ఆరని తెల్ల చొక్కా మీద పడింది.
నేను చూడలా. పెట్టె పోనిచ్చేసినాను.
తీస్తే, జేబు మీద ఇంగ్లీషు మాట నల్లగా అచ్చుపడింది,
అద్దంలో చూసినట్టు తిరగబడి.
చీటీ పైవైపు తెలుగు:
"అయినదానికీ కానిదానికీ వంగి వంగి దండాలు పెట్టేవాడు."

ఆడిటరు చొక్కా అది.
అరిచినాడు. తెలుగులో కొంత, కన్నడంలో కొంత,
మిగతాది ఇంగ్లీషులో.
"తప్పాయ్తు సార్, తప్పాయ్తు" అన్నాను.
నడుము ఎంత వంగిందో నాకు తెలీదు.
తల ఎత్తేసరికి లోకేశ్వరి చీటీలన్నీ బోర్లించి
రోడ్డు వైపు చూస్తా ఉంది.
చొక్కా ఖరీదు మూడు నెలల ఇస్త్రీలో కోసుకున్నాడు.
చొక్కా నాకే వదిలేసినాడు.

ఆ పొద్దు నుంచి ఎనిమిది వందల్లో
ఒకటి తక్కువ చదివేది.
నేను అడగలా.

పరీక్షనాడు ఆ చొక్కానే తొడుక్కున్నాను.
నాకున్న తెల్లది అదొక్కటే.
మెజెస్టిక్ దాకా ఒక బస్సు, అక్కడ ఇంకొకటి.
పక్కన కూర్చుని చీటీలు తిప్పుతా తిప్పుతా
జేబు దగ్గర దాని చూపు ఆగింది.
ఏందమ్మే ఆ మాట, అన్నాను.
కిటికీలోంచి చూసింది.
ఇందిరానగర దాటింది, హలసూరు దాటింది.
"మర్యాద తెలిసినోడు, నాయనా."

నాకు తెలుగు చదవడం వస్తుంది.
అది దానికీ తెలుసు.

గేటు కాడ, కాగితాలేవీ లోపలికి వద్దన్నారు.
కట్ట నా చేతిలో పెట్టి నాలుగడుగులు పోయి
వెనక్కి తిరిగి,
తన మెడ మీద చెయ్యి పెట్టి చూపించింది:
నా కాలరు మడత పడి ఉందంట.