బెత్తెడు తక్కువ

మేస్త్రీ ఓడార్ వచ్చిన రోజు
నేను బాడవలో మట్టి తొక్కుతున్నాను.
బుర్గుండి నుంచి రెండు చలికాలాలు నడిచాడట.
చేతిలో పటం లేదు, తోలు చుట్ట లేదు.
నడుముకి ముళ్లు వేసిన జనపతాడు,
అంతే.
ఆ తాడులో ఒక చర్చి మొత్తం చుట్టుకుని ఉందని
అప్పుడు నాకేం తెలుసు.

మా పొమెరేనియాలో రాయి దొరకదు.
హెర్రింగు చేప దొరుకుతుంది, ముసురు దొరుకుతుంది,
దిగితే చెప్పు లాక్కునే బంకమన్ను దొరుకుతుంది.
ఒక ముద్ద తీసి వాసన చూశాడు,
నాలిక మీద పెట్టుకున్నాడు,
మా అమ్మ పులుసులో ఉప్పు చూసినట్టు
ఆగి, తల ఊపాడు.

మఠంలో మాట నిషిద్ధం. నిషేధం లేకపోయినా
అతని మాట నాకు రాదు, నా మాట అతనికి.
చేతులే నోళ్లు మాకు.
ఒకనాడు నా ఎదుట రెండు అరచేతులూ ఎత్తి
వేళ్ల కొసలు ఆనించి నిలబడ్డాడు.
దండం పెడుతున్నాడనుకుని నేనూ మోకరిల్లాను.
నవ్వాడు. నవ్వూ నిషిద్ధమే.
భుజాలు పట్టి లేపి
నా అరచేతుల్ని తన అరచేతుల మీదికి వాల్చి
బరువంతా వదిలెయ్యమన్నాడు.
తనూ వదిలేశాడు.
పడబోయే ఇద్దరం
పడలేదు.
మొనదేలిన కమాను అంటే ఇదన్నమాట.

పంతొమ్మిది బట్టీలు కాల్చాం.
ఆరబెట్టిన పచ్చి ఇటుక మీద కుక్క నడిచిపోతే
విసిరేయబోయాను. వద్దని సైగ చేశాడు.
ఇప్పటికీ ఉంది అది, ఉత్తరపు కప్పులో,
కొవ్వొత్తి వెలుగు అందని చోట.
మా ప్రార్థనల నెత్తిన
తలకిందులుగా నడుస్తోంది కుక్క.

కప్పు కింది కర్ర చట్రం ఊడదీసేనాడు
పని కానిచ్చే ఇద్దర్ని తప్ప అందరినీ బయటికి పంపి
తను సరిగ్గా దాని కింద నిలబడ్డాడు.
చీలలు ఊడే చప్పుడు లెక్కపెట్టుకున్నాం.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత దగ్గు.
సున్నపు దుమ్ములో తెల్లబడి బయటికొచ్చాడు.

ఆ దగ్గే మూడేళ్లకి అతన్ని తీసుకుపోయింది.
పోయే ముందు తాడు నా ఒళ్లో పెట్టి
నాలుగు వేళ్లు కలిపి చూపించాడు.
అర్థం కావడానికి ఒక వానాకాలం పట్టింది:
మా ముసురుకి తడిసి తాడు కుదించుకుపోయింది.
బుర్గుండిలోని తల్లి మఠం కన్నా
మాది ముడికి బెత్తెడు తక్కువ.

ఎవరికీ చెప్పలేదు.
దానికి సైగ లేదు.

ఇవాళ పన్నెండుమంది తూర్పుకి బయల్దేరుతున్నారు,
విస్తులా అవతలి అడవిలో కొత్త మఠానికి.
పాత తాడుకి ముడికి ముడి కొలిచి
కొత్తది పేనమన్నాడు మఠాధిపతి.
రాత్రంతా పేనాను.
సరిచేయొచ్చు, నాలుగు వేళ్లే కదా.
ఒక్కో ముడి దగ్గరా వేళ్లు పెట్టి చూశాను,
తీసేశాను.

పొద్దున ఆ తాడు నడుముకి చుట్టుకున్నది
సులిస్లావ్, ఇంకా మీసం రాని కుర్రాడు.
బయట ముసురు మొదలైంది.
తాడు మీదికి కంబళి లాక్కోమని సైగ చేశాను.
నాకు చలి లేదులే అన్నట్టు
తల ఊపి వెళ్లిపోయాడు.