ఉప్పు తక్కువైతే

ఎనభై ఆరు వరదకి నాకు తొమ్మిదేళ్ళు.
మూడు రోజులు బడి మేడ మీదే ఉన్నాం,
నూట పది మందిమి, రెండు మేకలు,
పురిటి నెత్తురు ఆరని ఒక బాలింత.
మా లంక అటు జిల్లాదా ఇటు జిల్లాదా
తేలేదాకా పడవ రాలేదు.
ఆ సంగతి పెద్దయ్యాక తెలిసింది.
అప్పుడు తెలిసిందల్లా
అవతలి గట్టున కట్టేసిన పడవలు,
నిండుగా, గోనెలతో.
కంటికి ఆనే అన్నమంత దూరం
ఇంకేదీ ఉండదండీ.

నాలుగోనాడు హెలికాప్టరొచ్చింది.
పొట్లాలు పడ్డాయి, సగానికి సగం నీళ్ళలో.
ఒకదాని వెనక దూకిన ఏసుపాదం
మళ్ళీ మేడెక్కలేదు.
పదమూడేళ్ళు. గజఈతగాడు.

నాకు దొరికింది పులిహోర.
అరిటాకు, ఆకు మీద నోటుపుస్తకం కాయితం,
కాయితం నిండా ఎవరో పిల్లాడు సగంలో వదిలేసిన భాగారాలు.
అడుగున పెన్సిలుతో పెద్దవాళ్ళ దస్తూరీ:
"ఉప్పు తక్కువైతే ఏమీ అనుకోకండి."

ఏ ఊరో తెలీదు. తణుకో, రాజమండ్రో.
నిజానికి తక్కువే.
గేదెలు కొట్టుకుపోతే ఏడవని మా అమ్మ
ఆ కాయితం చదివించుకుని ఏడ్చింది.

ఇప్పుడు నరసాపురం పక్క పల్లెలో
సువార్తమ్మ అరుగు మీద లేసు అల్లుతాను,
ఇంకో తొమ్మండుగురితో.
సువార్తమ్మ పద్నాలుగేళ్ళు కువైట్లో వండింది.
పక్కింటి వంటింట్లో ఉమ్ సామిర్, గాజా మనిషి.
ఇద్దరికీ కలిసిన మాటలు ముప్పై ఉంటాయేమో.
ఆ ముప్పైతోనే
కాన్పులూ, మొగుళ్ళూ, మోకాళ్ళ నొప్పులూ
అన్నీ చెప్పేసుకున్నారు.
మనవరాలు పుట్టిందని ఆవిడ వెనక్కి వెళ్ళిపోతే
ఇక్కణ్ణుంచి మేం తెల్ల గౌను పంపాం.
ఫొటో వచ్చింది: గౌను పాదాల మీద పడుతోంది.
"పెరుగుతుందిలే" అని నవ్వింది ఉమ్ సామిర్
వాయిస్ మెసేజీలో.
లయాన్ ఆ పిల్ల పేరు.

మార్చి నుంచీ సువార్తమ్మ పంపినవన్నీ
ఒక్క టిక్కు.

ఫోన్లో చూపించింది:
గొడుగులు కట్టుకుని దిగుతున్న పెట్టెలు,
కింద గిన్నెలు పట్టుకుని పరిగెడుతున్న పిల్లలు,
గేటు అవతల వరసగా లారీలు,
నిండుగా, గోనెలతో.
ఫోను బోర్లించేశాను.

వారం కూలి తలా కాస్తా ఇద్దామన్నాం.
"మన పిల్లలకే లేదు, వాళ్ళకెక్కడ" అంది వీరకాంతం.
అబద్ధం కాదది. ఎవరం బదులు చెప్పలేదు.
ఆవిడ రూపాయి ఇవ్వలేదు.
మేం బ్యాంకుకెళ్ళొచ్చేసరికి
సువార్తమ్మ సగంలో వదిలిన బల్లగుడ్డ
అంచుతో సహా అల్లేసి మడతపెట్టింది.

హైదరాబాదులో ఎవరో పాలడబ్బాలూ మందులూ కొని పంపుతున్నారట.
వాళ్ళ ఖాతాకి నాలుగువేల మూడొందల అరవై.
కౌంటర్లో కుర్రాడు అడిగాడు,
"ఉద్దేశం గడిలో ఏం కొట్టమంటారమ్మా?
ఇరవై అక్షరాలు దాటకూడదు."
చెప్పాను.
వాడు తలెత్తి చూశాడు.
"వంటల సొసైటీయా?"
"కాదు బాబూ, పాత బాకీ."
కొట్టాడు. రసీదు మీద అచ్చయింది కూడా.
ఎన్ని డబ్బాలొస్తాయో, ఎన్ని గేటు దాటతాయో
ఆ రసీదుకి తెలీదు.

సాయంత్రం సువార్తమ్మ కొత్త దారం ఉండ విప్పింది.
గౌనట.
"దేనికే, ఎక్కడికి పంపుతావే" అనలేదు ఎవరం.
కొలత దగ్గరే ఆగిపోయాం.
ఏడో ఏడు నడుస్తూ ఉండాలి.
మన పిల్లల్ని బట్టి కొలుద్దామంటే
తిండి లేని ఏడో ఏడుకి
భుజం ఎంత ఉంటుంది?
వీరకాంతం మనవరాల్ని పిలిచి నిలబెట్టింది,
జేన వేసింది,
వేళ్ళు కాస్త దగ్గరకి జరిపింది,
మళ్ళీ చాపింది.

మెడ దగ్గర మొదలుపెట్టాం.
అంచు దగ్గర దారం తెంపకుండా
ఉండకే ఉంచేశాం.