గురువారం ముఖం

రేక్యవీక్‌లో గురువారం టీవీ ఉండేది కాదు.
దేశం దేశమంతా ఆ ఒక్కరోజు
పెట్టె చేత ఉపవాసం చేయించేది.
జూలై వస్తే ఏకంగా నెల సెలవు.
చెబితే నా మనవడు నవ్వుతాడు.

నాది పౌడరు ఉద్యోగం.
హాల్‌వేగ్ ముఖాన్ని ఇరవై రెండేళ్లు దిద్దాను.
ఎడమ కనుబొమ మీద చిన్న గంటు,
పసితనంలో చేపల పీపా అంచు తగిలి.
దేశానికి తెలియదు. నా దూదికి తెలుసు.

ఆమె వార్తలు చదివేది కాదు, పాడేది కాదు.
దానికీ దీనికీ మధ్య వచ్చేది.
"ఇప్పుడు మీరు చూడబోయేది..." అని
తలుపు తీసి పక్కకు తప్పుకునే మనిషి.
పైన ముత్యాల బొత్తాల జాకెట్టు,
బల్ల కింద వాళ్ల నాన్న ఉన్ని మేజోళ్లు,
బొటనవేలి దగ్గర చిరుగు.
స్టూడియో నేల మంచుగడ్డ మరి.

పడమటి తీరాన ఒక ముసలాయన
ఎనిమిదింటికి టై కట్టుకుని కూర్చునేవాడట,
ఆమె చూస్తుంది కదా, పనిబట్టల్లో ఎలా అని.
ఆమె శుభరాత్రి అంటే తనూ పైకే అనేవాడట.
ఆ ఉత్తరం చదివి, "అయితే కాస్త ఆగాలి" అంది.
ఆగేది. శుభరాత్రి తర్వాత రెండు క్షణాలు.
డైరెక్టరు గడియారం చూపించి గొణిగేవాడు.

డెబ్బై నాలుగు చలికాలం, ఒక బుధవారం,
సినిమా సగంలో రీలు తెగింది.
అంతరాయానికి చింతిస్తున్నాం, అంది.
అతుకు పడలేదు. మళ్లీ చింతించింది.
మూడోసారి చింతించడానికి మొహం చెల్లలేదు.
చేతిసంచిలోంచి తాళంచెవి తీసి కెమెరాకి చూపించింది.
"ఇది మా ఇంటిది. హేమాయ్ దీవిలో.
నిరుడు నేల పగిలి నిప్పు కక్కిన రాత్రి
అమ్మ తాళం వేసి మరీ పడవెక్కింది.
ఇల్లిప్పుడు నల్లరాయి కింద ఉంది.
రండి, చూపిస్తాను."

తొమ్మిది నిమిషాలు.
ద్వారబంధం పొట్టిది, తల వంచండి, అంది.
దేశం సంగతి తెలియదు, నేనైతే వంచాను.
నాన్న వానకోటు వేలాడే మేకు.
వంటింట్లో కిటికీ, ఎదురుగా ఓడరేవు.
మూడో మెట్టు కిర్రుమంటుంది, దాటి రండి.
మేడమీది గది తలుపు మీద చెయ్యి వేసేసరికి
రీలు అతికింది.
ఆ గదిలో ఏముందో ఈనాటికీ తెలియదు.
నేనూ అడగలేదు.

మర్నాడు గురువారం. టీవీ లేదు కనుక
ఊరంతా ఆ ఇంటి గురించే మాట్లాడుకుంది.
పై గురువారానికి ఉత్తరం వచ్చింది,
దీవిలో పక్కింటి ఫ్రీడ్రికా నుంచి:
"కిటికీ ఓడరేవు వైపు కాదే పిల్లా,
మా గొర్రెల దొడ్డి వైపు.
మీ అమ్మ ఉప్పు చేబదులు అడిగింది అందులోంచే."
పూలగుత్తులు వాడిపోయాయి, జ్ఞాపికలు అటకెక్కాయి,
ఈ తప్పొప్పుల చీటీ మాత్రం అద్దానికి అంటించుకుంది.
అది చదివాక నా ఎదుటే ఏడ్చింది.
ముఖాన చెదరడానికి పౌడరేమీ లేదు.

తర్వాత్తర్వాత గురువారాన్నీ టీవీ తినేసింది.
ఆమె చోట గడియారం బొమ్మ పెట్టారు.
అది పౌడరు అడగదు.
వీడ్కోలుకి అర నిమిషం ఇస్తే
రేపటి వాన సంగతి చెప్పి లేచింది.
నన్నూ ఆ నెలలోనే పంపేశారు.

ఇప్పటికీ నేను గురువారాలే వెళ్తాను.
టీవీ మీద గుడ్డ కప్పి ఉంటుంది.
ఎండుచేప, వెన్న, కాఫీ.
మోకాళ్ల గురించి, పిల్లి గురించి నాలుగు మాటలు.
నేను లేస్తే తనే తలుపు తీసి
పక్కకు తప్పుకుంటుంది.
మెట్లు దిగి వీధిలో పడేదాకా
వెనకాల గడియ చప్పుడు వినబడదు.