పదహారంగుళాల చక్రం

ముసలి ఇనాబా మూడు సైకిళ్లు విప్పి చూపించాడు.
మొదటిది ఇరవై అంగుళాలది. నడక నిదానం, నిబ్బరం,
మడిచాక మాత్రం బాసింపట్టు వేయలేని పెద్దమనిషిలా
ఒక మోకాలు బయటే పెట్టుకుంటుంది.
రెండోది దూదిపింజ. ధర చీటీ తిప్పి చూసి
నా చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.
మూడోది పదహారు. ఆకుపచ్చ. ఎవరో వాడి వదిలేసింది,
హ్యాండిల్ రబ్బరు మీద తెలియని బొటనవేలి గుంట.

"ఎత్తి చూడండి."
ఎత్తాను.
"అలా కాదు, మీ పెట్టె రెండో చేత్తో పట్టుకుని, మెట్లెక్కుతూ."
నా పెట్టెలో శ్రుతి బిగించే సుత్తి, ఫెల్టు ముక్కలు,
క్షణానికి నాలుగువందల నలభై రెండుసార్లు వణికే శ్రుతిదండం,
తెగిన తీగలకి బదులు తీగచుట్టలు.
కొట్టు వెనక మెట్లు పదకొండు.
తొమ్మిదో మెట్టు మీద బేరం కుదిరిపోయింది.

సైకిల్ని తొక్కడానికి కొంటామనుకునేదాన్ని ఇన్నాళ్లూ.
మోయడానికి కొంటాం.
తొక్కడం కొసరు.

సముద్రం వెంట పోయే పాసింజరుకి ఒకటే పెట్టె.
మూడు మడతలు, రెండు గొళ్లేలు, పైన గుడ్డసంచి.
చక్రం అంచు కూడా కనబడకూడదని రైలువాళ్ల పట్టు.
కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుంటాను,
టికెట్ లేని ప్రయాణికురాల్ని.
ఎదుటి సీటాయన చేపలబుట్ట
మలుపు మలుపుకీ దాని భుజం తడుతుంది.
"ఏముంది లోపల?"
"సైకిలు."
"పిల్లలదా?"
అందరూ అడిగేదే. నవ్వి ఊరుకుంటాను.

చిన్న చక్రానికి మరుపు తెలీదు.
పెద్ద చక్రం చూడనట్టు దాటేసే ప్రతి అతుకునీ
ఒత్తులతో సహా చదివి
వెన్నుపూసకి అప్పజెబుతుంది.
పట్టాల్ని ఐమూలగా దాటకూడదు.
ఒకసారి దాటాను, మోచేతికింకా గుర్తు.
ఎదురుగాలి లేచిన రోజు
కాళ్లు గిర్రున తిరుగుతాయి, ఊరు కదలదు.
బడిపిల్లలు నడిచి నన్ను దాటిపోతూ
తలవంచి దండం పెడతారు.
అదొక్కటే సిగ్గు.

ఒనోసె బడి మార్చిలో మూసేస్తున్నారు.
మిగిలింది ఇద్దరు పిల్లలు, ఒక టీచరమ్మ, ఒక పియానో.
ఉప్పుగాలికి తీగలన్నీ సడలి
మెట్లు నానిన అటుకుల్లా ఉన్నాయి.
"చివరి పాటకైనా సరిగ్గా ఉండాలి కదా," అంది సకుమా టీచరమ్మ,
కవరు రెండు చేతులతో అందిస్తూ.
డబ్బు లెక్కపెట్టకుండా పనిలో పడ్డాను.
మూడు గంటలు. ఒక తీగ తెగింది, వేరేది వేశాను.

చినామి అనే పిల్ల పియానో దగ్గరికి రాలేదు.
వరండాలో నా సైకిలు విప్పడం, మడవడం,
విప్పడం, మడవడం,
వేలు నలిగితే నోట్లో పెట్టుకుని మళ్లీ విప్పడం.
ఆఖరికి గంట మోగించి తలుపులోంచి తొంగిచూసింది:
"మీ గంట కాస్త కిందుందండీ."

రెండేళ్లు తొక్కాను.
ఊళ్లన్నిటి పియానోలూ సరిచేసిన చెవి ఇది.
లోపలికి పిలిచి మోగించమన్నాను, మెట్టు వెతికాను.
తెల్లదానికీ నల్లదానికీ మధ్య సందులో,
ఎటూ చెందని చోట ఉంది.
గంట విప్పి చూశాం, గొడుగు అంచు అరిగింది.
ఫెల్టు పెట్టి చూశాం, మరీ మూగబోయింది.
తీసేశాం.
ఈ లోపల ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

స్టేషనుకి పద్దెనిమిది కిలోమీటర్లు.
చినామి గేటు దాకా పరిగెత్తుకొచ్చి
గొళ్లెం రెండోది బిగించావా అని
నన్నే గదమాయించింది.
కొండ దిగాక చీకటి, ఆ తర్వాత సొరంగం.
సొరంగం మధ్యలో, ఎవరూ లేరని చూసుకుని,
ఒక్కసారి గంట కొట్టాను.

నిజమే.
కిందే ఉంది.